బొమ్మ ఇంటికి మార్కులు ఎండలో పెట్టి వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

జిల్లా పేజీలో మీరు ఏటా సైన్స్ ఫెయిర్ ఫొటోలు వేస్తుంటారు. ఈసారి వేసిన వాటిలో మూడు ‘విద్యుత్ ఆదా ఇళ్ళే’. మూడింటి మీదా సోలార్ పలకలున్నాయి. రెండింటి పక్కన గాలిమరలున్నాయి. ఒకదాని ముందు రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి పచ్చిక కూడా పరిచారు. పిల్లల ముఖాలు చూస్తే ముచ్చటేసింది. ఇళ్ళను చూస్తే మాత్రం బేల్దారి పని చేసేవాడిగా నాకొక సందేహం వచ్చింది. ఇందులో ఏ ఇల్లు చల్లగా ఉంటుందో ఎవరైనా కొలిచి చూశారా?

నేను తాడిపత్రిలో ఉంటాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, ఉద్యోగం రాక మా నాయన చేతి కిందే తాపీ పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ పైమాటే అది. ఈ చేతులతో ఎన్నో మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబులు వేశాను. పాత ఇళ్ళ మీద మోజుతో ఈ ఉత్తరం రాస్తున్నానని మీ పాఠకులు అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. వాళ్ళ బడిలో ఫెయిర్ పెడితే నేనూ వెళ్ళాను. నేను మేస్త్రినని తెలిసి ఒక సారు నన్ను ఇళ్ళ మోడళ్ళున్న బల్లల దగ్గరికే తీసుకుపోయాడు. పదికి పైగా ఉన్నాయి. ఒకటి రెండు తప్ప అన్నీ థర్మాకోల్‌వే. కొన్నింటిని పిల్లలు చేశారు, కొన్నింటిని వాళ్ళ అమ్మలు చేశారు, ఇంకొన్ని బజార్లో ప్రాజెక్టులు అమ్మే దుకాణం నుంచి వచ్చాయి. ఏది ఎక్కడిదో జిగురు అంటించిన తీరు చూస్తే మాలాంటి వాళ్ళకు తెలిసిపోతుంది. దాని గురించి ఎవరినీ తప్పు పట్టను. తెల్లారితే ఫెయిర్ అని పిల్ల రాత్రి తొమ్మిదింటికి చెబితే ఏ తల్లికైనా టెన్షన్ తప్పదు.

థర్మాకోల్ సంగతి మాత్రం చెప్పాలి. అందులో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు గాలే. చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుని కదలకుండా ఉన్న గాలి వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు. చేపలవాళ్ళు ఐసును ఆ డబ్బాల్లో తెచ్చేది అందుకే. కాబట్టి థర్మాకోల్ ఇల్లు ఎండలో పెట్టినా పైకప్పు, గోడల గుండా వేడి లోపలికి పెద్దగా దిగదు. పైన ఏది అంటించినా పెద్ద తేడా రాదు. ఆ ఇంటికి మార్కులు వేస్తే అవి థర్మాకోల్‌కు వేసినట్టే, పిల్ల ఆలోచనకు కాదు. ఊళ్ళో మనం కట్టేది సిమెంటు ఇటుకతో, స్లాబుతో. బొమ్మను ఒకదానితో చేసి, ఇంటిని ఇంకొకదానితో కడితే బొమ్మ చెప్పే మాట ఇంటికి ఎలా పనికొస్తుంది?

మొదటి బహుమతి వచ్చిన ఇంట్లో గదికో ఎల్‌ఈడీ బల్బు వెలుగుతోంది. చూడ్డానికి బాగుంది. వెనక్కి తిప్పి చూస్తే తొమ్మిది ఓల్టుల బ్యాటరీ ఉంది. పైన ఉన్న సోలార్ పలక ప్రింటు తీసిన కాగితం. న్యాయనిర్ణేతలు వెనక్కి తిప్పలేదు.

పిల్లలకు సోలార్ మీద, గాలిమరల మీద మనసు ఎందుకు పోతుందో నాకు అర్థమవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు చూస్తూ పెరిగారు. నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది. పక్కన కర్నూలు వైపు గని, శకునాల అనే ఊళ్ళ దగ్గర 2017లో మొదలైన పార్కు ఒక్కటే 1000 మెగావాట్లది. బడి బస్సులో విహారయాత్రకు పోతే కనిపించేవి అవే. 2024 ఫిబ్రవరి నుంచి పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ కూడా వస్తోంది. మంచిదే, నేనూ నలుగురికి చెబుతున్నాను. అయితే పలక కరెంటును పుట్టిస్తుంది గానీ ఇంటికి పొదుపు నేర్పదు. ఇల్లు సరిగా కట్టకుండా పలకలు పెట్టడం ఓటి తొట్టికి ఇంకో కొళాయి తగిలించడమే. పలకల వల్ల మిద్దెకు నీడ పడి స్లాబు కొంత చల్లగా ఉంటుంది. అదీ ఒక లాభమే. ఆ మాట మాత్రం ఒక్క చార్టు మీదా కనిపించలేదు.

ఇంకో బల్ల మీద ఇంటికి దక్షిణం గోడంతా అద్దమే. లోపల ఒక గది నిండా మొక్కలు. ఎక్కడ చూశావమ్మా అంటే యూట్యూబులో అంది ఆ పాప. ఆ వీడియో చలి దేశానిది. అక్కడ ఇంట్లోకి ఎండ రావాలి, వచ్చిన వేడి బయటికి పోకూడదు. అందుకే దక్షిణాన అద్దం, గోడల నిండా దూది లాంటి పదార్థం, సందులన్నీ మూత. అక్కడి పిల్లలు ఇలాంటి బొమ్మ ఇల్లు చేస్తే లోపల వేడినీళ్ళ సీసా పెట్టి, అది ఎంతసేపటికి చల్లారుతుందో చూస్తారు. నెమ్మదిగా చల్లారిన ఇల్లు గెలుస్తుంది. ఆ పరీక్ష వాళ్ళకు సరైనదే. మాకు మేలో 42 డిగ్రీల ఎండ. ఇక్కడ అద్దం గోడ పెడితే ఆ గదిలో మొక్కలు కూడా బతకవు. ఆ పాప ఏడో తరగతి కాబట్టి ఆమెకు తెలియకపోవచ్చు. పక్కన నిలబడి చార్టు రాయించిన పెద్దలు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఎండ ఎటు నుంచి వస్తుందో చూడకుండా ఇల్లు గీయకూడదు. ఇది డ్రాఫ్ట్స్‌మన్ క్లాసులో మాకు చెప్పిన మొదటి పాఠాల్లో ఒకటి. తాడిపత్రి దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరులోనో మే మొదట్లోనో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నేల మీద నిలువుగా కర్ర పాతితే నీడ కనిపించదు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరం గోడకు ఎండ రాదు, అక్కడ సజ్జ అక్కర్లేదు అనే ఇంటి యజమానులను రోజూ చూస్తుంటాను. జూన్‌లో సాయంత్రం నాలుగింటికి వచ్చి వాయవ్యం కిటికీ ఊచలు పట్టుకుని చూడమంటాను. (వాస్తు సంగతి ఇక్కడ ఎత్తను. ఎత్తితే నా పని పోతుంది.) చలికాలంలో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు తగ్గడు. అంటే మన ఊళ్ళో ఏడాది పొడుగునా ఎండ దెబ్బ మొదట తినేది మిద్దె పైకప్పు, ఎండాకాలంలో ఆ తర్వాత పడమటి గోడ. పిల్లల మోడళ్ళన్నీ కిటికీల చుట్టూ, బల్బుల చుట్టూ తిరుగుతుంటే, పైకప్పు గురించి ఆలోచించింది ఒక్క బల్ల వాళ్ళే.

ఆ బల్ల దగ్గర తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళది రంగూ హంగూ లేని ఇల్లు. నాపరాతి పెళ్ళలు బురదతో పేర్చి గోడలు కట్టారు. వేపకొమ్మలు అడ్డంగా వేసి దూలాలన్నారు, వాటి మీద సన్న పుల్లలు వేసి దంతెలన్నారు. ఆ పైన బోద గడ్డి, దాని మీద తొక్కిన మట్టి, అన్నిటికీ పైన బూడిదరంగు చవుడు మట్టి. నడిమధ్యలో ఒక బెజ్జం ఉంచి దాని మీద పగిలిన కుండ మూతి బోర్లించారు. గవాచి! ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలుస్తుందని నేను అనుకోలేదు. పొయ్యి పొగ, వేడిగాలి పైకి పోవడానికీ, లోపలికి వెలుతురు రావడానికీ మట్టి మిద్దెకు ఉండే బెజ్జం అది. వానొస్తే మూత పెట్టుకునేవాళ్ళం.

న్యాయనిర్ణేత ఒకాయన వచ్చి, ‘ఇది మీ అవ్వ వాళ్ళ ఇల్లు కదమ్మా, ఇందులో టెక్నాలజీ ఏముంది?’ అని నవ్వి పోయాడు. పిల్లలు కూడా నవ్వారు గానీ ముఖాలు చిన్నబోయాయి. వాళ్ళ దగ్గర థర్మామీటరు లేదు. ‘చెయ్యి లోపల పెట్టి చూడండి సార్’ అనడం తప్ప చూపించుకోవడానికి ఏమీ లేదు.

ఆయన అడిగిన టెక్నాలజీ ఆ చవుడులోనే ఉంది. చవుడు ఎందుకు వేశారని అడిగితే, ‘లేకుంటే మిద్దె కారుతుందని మా అవ్వ చెప్పింది’ అంది ఒక పిల్ల. అవ్వ సరిగానే చెప్పింది. చవుడు మట్టిలో సోడియం ఎక్కువ. అది తడిస్తే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి చెదిరిపోతాయి. చెదిరినవి సందుల్లోకి దూరి పూడ్చేస్తాయి. ఇక నీళ్ళు కిందికి దిగవు, వాలు పట్టుకుని, నీళ్ళు బయటికి పోయే దోనెలోకి పోతాయి. చవుడు నేలలో నీళ్ళు ఇంకక పైరు పాడయ్యేదీ ఇందుకే. రైతులు జిప్సం చల్లేది ఆ సోడియాన్ని వదిలించడానికే. పొలానికి శత్రువైన మట్టిని మిద్దెకు కాపలా పెట్టిన మనుషులు చదువు లేనివాళ్ళేమీ కాదు. ఒక కెమిస్ట్రీ సారు ఆ బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడి ఉంటే ఆ పిల్లలకు పాఠం, మార్కులు రెండూ దొరికేవి.

మట్టి మిద్దె లోపాలూ చెప్పకపోతే తప్పవుతుంది. దూలాలకు చెద పడుతుంది. దంతెల సందుల్లో తేళ్ళు చేరతాయి. ఏటా వానలకు ముందు చవుడు మోసి పోసుకోవాలి. ఇప్పుడు ఆ పనికి మనుషులు రారు, వచ్చినా ఆ కూలి కట్టలేం. నాలుగు రోజులు విడవకుండా ముసురు పడితే మట్టి నీళ్ళు తాగి బరువెక్కి, పాత గోడలు తట్టుకోలేవు. వానాకాలంలో మిద్దె కూలి మనుషులు పోయిన వార్తలు మీ పేపర్లోనే ఎన్నోసార్లు చదివాం. అందుకే జనం పడగొట్టించుకున్నారు, నేను పడగొట్టాను. మళ్ళీ ఆ మిద్దెల్లోకి పోదామని నేను అనను. అందులో ఏ పొర ఏ పని చేసేదో పిల్లలు కొలిచి తెలుసుకుంటే, ఆ పనిని స్లాబు మీద ఇంకో రకంగా చేయించవచ్చు అంటాను.

స్లాబు సంగతే తీసుకోండి. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగుతుంది. ఆ వేడి లోపలి వైపుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. మా ఊళ్ళో రాత్రి ఏడింటికి ఫ్యాను వేస్తే వేడిగాలి మీద పడేది అందుకే. జనం చాపలు తీసుకుని మిద్దె పైకి పోయేదీ అందుకే. అడుగు మందాన మట్టి ఉన్న మిద్దెలో అదే వేడి దిగడానికి ఇంకా చాలా గంటలు పడుతుంది, దిగేలోపు చల్లటి పొద్దు వచ్చేస్తుంది. రేకుల షెడ్డుది వేరే కథ. పగలు పదింటికే లోపల ఉండలేం. కానీ రాత్రికి తొందరగా చల్లారిపోతుంది, ఎందుకంటే రేకు వేడిని దాచుకోదు. స్లాబు ఇంట్లో బాధ రాత్రిది, రేకుల ఇంట్లో బాధ పగటిది. ఒక ముసలాయన రోజంతా ఇంట్లో ఉంటాడా, పగలు కూలికి పోయి రాత్రికి వచ్చేవాళ్ళే ఇంట్లో ఉంటారా అన్నదాన్ని బట్టి ఏ ఇంటికి ఏ మందు అవసరమో మారుతుంది. ఇది పిల్లలు ఎంత బాగా ఆలోచించగల లెక్కో చూడండి. కాగితం పలక అంటించిన మోడల్ దగ్గర ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

అలాగే ‘గాలి వెలుతురు ధారాళంగా వచ్చే పెద్ద కిటికీలు’ అని చార్టుల మీద అందరూ రాశారు. మే నెల మధ్యాహ్నం కిటికీలు బార్లా తెరిస్తే లోపలికి వచ్చేది వడగాలి. పగలు మూసి, రాత్రి తెరిచి, పైనుంచి వేడి పోయే దారి పెట్టాలి. మన పెద్దవాళ్ళు గవాచితో చేసింది అదే. చిన్న కిటికీలు పెట్టుకున్నది దొంగల భయంతోనే కాదు.

2018లో కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ అని ఇళ్ళ కోసం ఒక నియమావళి తెచ్చింది. పైకప్పు గుండా లోపలికి దిగే వేడికి అందులో హద్దు పెట్టారు. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. పైన ఏమీ వేయని ఉత్త స్లాబు గుండా 3 వాట్లకు పైనే దిగుతుంది. అంటే నేను, నాలాంటి మేస్త్రీలు రోజూ పోస్తున్న స్లాబులు ఆ హద్దుకు రెండింతలు దాటి ఉన్నాయి. ప్లాను అప్రూవల్ దగ్గర దీని గురించి అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ నియమావళి ఇంజనీర్ల బీరువాల్లో ఉంటే ఉండనివ్వండి. ఆ ఒక్క అంకెను ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ఇవ్వండి, వాళ్ళు ఇంటికి వచ్చి నాయనను అడుగుతారు. నాయన వచ్చి నన్ను అడుగుతాడు. నాకు పని పెరుగుతుంది, అది నాకు సంతోషమే.

ప్రభుత్వ కాలనీల్లో సెంటు, సెంటున్నర స్థలంలో 340 చదరపు అడుగుల ఇళ్ళు వచ్చాయి. ఒక గది, వంటిల్లు, పైన స్లాబు, చుట్టూ చెట్టు లేదు. ఏసీ పెట్టుకునే స్తోమత లేదు, పెట్టుకున్నా బిల్లు కట్టలేరు. ఆ ఇళ్ళ పిల్లలే ఈ బడుల్లో చదువుతున్నారు. వాళ్ళ బొమ్మ ఇల్లు వాళ్ళ సొంత ఇంటికి పనికొచ్చేలా ఉండాలి గానీ విల్లాలా ఎందుకుండాలి? తెల్ల సున్నంలో తుమ్మజిగురు కలిపి స్లాబు మీద రెండు పూతలు వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. పైకప్పులు చల్లగా ఉంచాలని తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. వాళ్ళకంటే మన ఎండ తక్కువేమీ కాదు. సున్నం కాకపోతే కుండలు బోర్లించి సందుల్లో మట్టి, సున్నం పోయవచ్చు. కొత్తగా కట్టేవాళ్ళు కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో స్లాబు అడుగు భాగంలో పెంకులు పెట్టి పోసుకోవచ్చు. స్లాబు కింది సగంలో చాలా కాంక్రీటు బరువుకే తప్ప బలానికి పనికిరాదు, ఆ చోటును పెంకుతో నింపితే కాంక్రీటూ మిగులుతుంది, పెంకుల మధ్య గాలి వేడినీ కొంత ఆపుతుంది. పడమటి గోడకు ఒక పాదు పాకించినా మేలే. ఇందులో ఏది ఎంత పని చేస్తుందో మాటలతో కాదు, కొలిచి చెప్పాలి.

కరెంటు లెక్క కూడా పిల్లలు వేయగలిగిందే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. కరెంటు తక్కువ తాగే మోటారుతో కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్లలో తిరుగుతుంది. ఎండాకాలం రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు ఒక్క ఫ్యాను మీద ఇరవై యూనిట్ల దాకా మిగులుతుంది. ఎవరింటి మీటరు వాళ్ళు చూసుకుని లెక్క కట్టమనండి.

ఇక కొలిచే పద్ధతి. దీనికి ఖర్చు పెద్దగా లేదు. మా ఊరి చుట్టూ వందల బండల పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. నల్లబండ కోసిన అంచులు, పగిలిన ముక్కలు కుప్పలు కుప్పలుగా రోడ్ల పక్కన పడి ఉంటాయి. బేతంచెర్లలో, కడప వైపు క్వారీల దగ్గర కూడా అంతే. ఒకే కొలత ఉన్న అట్టపెట్టెలు నాలుగు తీసుకోండి. ఒకదానికి రేకు ముక్క, ఒకదానికి ఉత్త బండ, ఇంకొకదానికి సున్నం పూసిన బండ, నాలుగోదానికి బండ మీద రెండంగుళాల మట్టి. తక్కినవన్నీ ఒకటే ఉండాలి. ఒక్క పైకప్పే మారాలి. రెండు మారిస్తే ఏది దేనివల్లో తెలియదు. పిల్లలు తరచూ చేసే పొరపాటు ఇదే, గోడా మారుస్తారు, కిటికీ మారుస్తారు, రంగూ మారుస్తారు.

థర్మామీటరు అనగానే ఇంట్లోని జ్వరం థర్మామీటరు పట్టుకొస్తారు. అది 35 నుంచి 42 డిగ్రీల దాకానే చూపిస్తుంది, రేకు కింద పెట్టె ఆ హద్దు దాటిపోతుంది. ల్యాబులో వాడేది కావాలి. లేదా చేపల తొట్టిలో వేసే చిన్న డిజిటల్‌ది, వైరు చివర మొన ఉండేది. వందల్లోనే దొరుకుతుంది. మొన పైకప్పుకు తగలకుండా పెట్టె నడిమధ్యలో గాలిలో వేలాడాలి. ఎండ నేరుగా దాని మీద పడితే గాలి వేడి చెప్పదు, ఎండ వేడి చెబుతుంది. నాలుగు పెట్టెలూ ఒకే నేల మీద, ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడకుండా పెట్టి, పొద్దున పదింటి నుంచి అరగంటకోసారి రాసుకోవాలి. సాయంత్రం ఐదింటికి ఆపేయకూడదు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. రాత్రి ఎనిమిది దాకా రాస్తే రేకు పెట్టె గీత జారిపోవడం, మట్టి పెట్టె గీత అలాగే నిలబడడం గ్రాఫు మీద కనిపిస్తాయి. మట్టి పెట్టె ఆ వేళకు రేకు పెట్టె కంటే వేడిగా ఉంటే పిల్లలు కంగారు పడకూడదు, ప్రయోగం చెడిపోయిందని అంకెలు దిద్దకూడదు. ఎందుకలా అని రాయాలి. ఆ రాసినదానికే మార్కులు ఎక్కువ వేయాలి.

చిన్న పెట్టె నిజం ఇంటికంటే చాలా తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది. లోపల గాలి కొంచెం, చుట్టూ గోడ ఎక్కువ. అందుకని పెట్టెలో 46 వచ్చింది కాబట్టి ఇంట్లోనూ 46 వస్తుందని రాయకూడదు. పెట్టెకూ పెట్టెకూ మధ్య తేడా ఒక్కటే నమ్మదగింది.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. మండల, జిల్లా స్థాయి ప్రదర్శనల్లో ఇంటి మోడల్ పెట్టే ప్రతి జట్టూ ఎండలో తీసిన అంకెల పట్టిక తేవాలని నియమం పెట్టండి. సగం మార్కులు ఆ పట్టికకు ఇవ్వండి. దుకాణంలో కొన్న మోడల్‌కు పట్టిక రాదు కాబట్టి ఆ బెడద సగం దానంతటదే పోతుంది. కేంద్రం ఇన్‌స్పైర్ మానక్ అనే సైన్స్ పథకం కింద ఎంపికైన పిల్లలకు పది వేల రూపాయలు ఇస్తోంది, అందులో థర్మామీటర్లకు పోయేది ఎంత? డిసెంబరు 14 ఇంధన పొదుపు దినమని బొమ్మలు గీసే పోటీలు పెడుతున్నారు. అవి ఉండనివ్వండి, ఆ వారంలోనే బడి మైదానంలో నాలుగు పెట్టెలు కూడా పెట్టండి. ఆ నెలలో ఎండ తక్కువైనా తేడా తెలుస్తుంది. మార్చిలో అయితే ఇంకా బాగా తెలుస్తుంది. కాకపోతే అప్పుడు ఒంటిపూట బడులు, పన్నెండున్నరకే పిల్లలు ఇళ్ళకు పోతారు. హాస్టలు ఉన్న బడుల్లో ఆ ఇబ్బంది లేదు. మిగతా వాళ్ళు పెట్టెలు ఇంటి మిద్దె మీదే పెట్టుకుని రాసుకోవచ్చు. పెద్దవాళ్ళూ ఒకసారి తొంగి చూస్తారు.

బండ ముక్కలు కోసి ఇవ్వడానికి నేను సిద్ధం. మా ఊరి చుట్టుపక్కల బడుల సార్లు, టీచరమ్మలు పెట్టె కొలత అంగుళాల్లో రాసి పంపితే చాలు. మందం ముప్పావు అంగుళానికి తగ్గకూడదు, సన్నవి ఎండకు కాదు గానీ పిల్లల చేతుల్లో విరుగుతాయి. అంచులు రాపిడి చేసే ఇస్తాను. ఆ తొమ్మిదో తరగతి పిల్లలిద్దరికీ ఇప్పటికే చెప్పి పెట్టాను, వాళ్ళు చవుడు తెస్తామన్నారు.

ఇట్లు,
ఒక బేల్దారి మేస్త్రి,
తాడిపత్రి, అనంతపురం జిల్లా.